నగరం నుంచి పక్క పట్టణానికి నది ఒడ్డున నడక: తరచుగా అడిగే ప్రశ్నలు

నది పక్కనే దారి ఉంటే తప్పిపోయే భయం ఉండదని చాలామంది అనుకుంటారు. అది చాలా వరకు నిజమే. నీరు ఒక పక్కన కనబడుతున్నంతసేపు దిక్కు తెలియకుండా పోదు. అయితే రోడ్డు మీద నడిచేవారికి లేని చిక్కు ఒకటి ఇక్కడ ఉంది. వంతెన ఉన్నచోట తప్ప నదిని దాటలేము, పక్కకు దారి ఉన్నచోట తప్ప గట్టు దిగి ఊళ్ళోకి పోలేము. కింది ప్రశ్నల్లో సగానికి పైగా, ఎటు తిరిగినా, ఈ విషయం దగ్గరికే వస్తాయి.

ఒక్క పగటిలో ముగిసే 10 నుంచి 20 కిలోమీటర్ల నడకలను దృష్టిలో పెట్టుకొని ఈ జవాబులు రాశాను. ఉదాహరణ కావలసిన చోట ఎక్కువగా ఇంగ్లండ్‌లో థేమ్స్ నది వెంట ఆక్స్‌ఫర్డ్ నగరం నుంచి అబింగ్డన్ పట్టణానికి వెళ్ళే దారిని తీసుకున్నాను. లాకులు (పడవలను ఒక నీటిమట్టం నుంచి మరో మట్టానికి ఎక్కించి దించే గేట్ల గదులు), నీటిని నిలిపే అడ్డుకట్టలు, రైలు వంతెన, విడిపోయి మళ్ళీ కలిసే పాయ అన్నీ ఆ ఒక్క దారిలోనే ఎదురవుతాయి కాబట్టి వివరించడం తేలిక.

రోడ్డు మీద పది కిలోమీటర్లయితే నది వెంట కూడా అంతేనా?

కాదు, దాదాపు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. రోడ్డు వేసేవారు దూరం తగ్గించాలని చూస్తారు, నదికి ఆ తొందర లేదు. లోయ పొడవుతో పోలిస్తే నది పొడవు ఒకటిన్నర రెట్లు దాటితే దాన్ని మెలికల నది కింద లెక్కకట్టడం భూగోళ శాస్త్రంలో వాడుక. అంటే చదునైన నేల మీద పారే ఏరు పక్కన నడిచేవారు, రోడ్డు దూరానికి మరో సగం కలుపుకొని సిద్ధపడటం మంచిది. అబింగ్డన్ ఆక్స్‌ఫర్డ్‌కు దక్షిణంగా సుమారు 6 మైళ్ళ దూరంలో, అంటే దాదాపు 10 కిలోమీటర్లలో ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లోని ఫాలీ వంతెన దగ్గర మొదలుపెట్టి నది వెంట వెళితే 13 కిలోమీటర్లు దాటుతుంది. రైల్వే స్టేషన్ నుంచి నది వరకు, చివర నది నుంచి బస్సు ఆగే చోటు వరకు నడిచేది దీనికి అదనం.

మ్యాప్‌లో దూరం కొలిచేటప్పుడు వంపుల మీదుగా గీత అడ్డంగా లాగకండి. ప్రతి వంపు దగ్గరా కోసుకుంటూ పోయే ఆ చిన్న చిన్న ముక్కలే సాయంత్రం అయ్యేసరికి గంట నడకగా తేలతాయి.

ఎంతసేపు పడుతుంది?

స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది: ప్రతి 3 మైళ్ళకు ఒక గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగుల ఎత్తుకు మరో గంట. నది ఒడ్డున ఎక్కడం దాదాపు ఉండదు కాబట్టి లెక్కలో రెండో భాగాన్ని వదిలేయవచ్చు. మొదటి భాగాన్ని మాత్రం యథాతథంగా నమ్మవద్దు. గంటకు 5 కిలోమీటర్ల చొప్పున నడవడం గట్టి నేల మీద, అలవాటున్నవారికి సాధ్యం. మోకాలి ఎత్తు గడ్డిలో, వాన వెలిసిన మరునాటి బురదలో అది 3 కిలోమీటర్లకు పడిపోతుంది. నా లెక్క గంటకు 4 కిలోమీటర్లు, పైన ప్రతి రెండు గంటలకు ఇరవై నిమిషాల విశ్రాంతి. ఆ ప్రకారం 15 కిలోమీటర్లకు నాలుగు నుంచి నాలుగున్నర గంటలవుతుంది. లాకులో పడవ ఎక్కుతుంటే చూస్తూ నిలబడిపోయే స్వభావం మీదైతే అయిదున్నర వేసుకోండి.

కుడి గట్టా, ఎడమ గట్టా? ఏ వైపున నడవాలి?

ముందు మాటల గురించి. నీరు పారే వైపుకు, అంటే దిగువకు, ముఖం పెట్టి నిలబడితే కుడి చేతి వైపుది కుడి గట్టు, ఎడమ చేతి వైపుది ఎడమ గట్టు. మీరు ఎగువకు నడుస్తున్నా ఈ పేర్లు మారవు. దారి వివరాల్లో "కుడి ఒడ్డు" అని చదివి, ఎదురు దిశలో వస్తూ తమ కుడి చేతి వైపు వెదికేవారు తరచూ కనిపిస్తారు.

ఇక ఎంపిక విషయానికి వస్తే, మొదట చూడవలసింది మీరు చేరబోయే పట్టణం ఏ ఒడ్డున ఉందన్నది. రెండోది, మధ్యలో ఏ వైపు నుంచి ఎక్కువ వాగులు వచ్చి కలుస్తున్నాయన్నది. ప్రతి సంగమం దగ్గరా వాగుపై కాలినడక వంతెన ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే వాగు వెంట ఎగువకు పోయి చుట్టి రావాలి. మ్యాప్ మీద సన్నని నీలిగీతగా కనిపించే వాగు ఒక్కోసారి రెండు కిలోమీటర్ల చుట్టుగా మారుతుంది. మూడోది నేల. వంపు తిరిగే చోట వెలుపలి ఒడ్డును ప్రవాహం కోస్తూ ఉంటుంది, లోపలి ఒడ్డున ఒండ్రు మేట వేస్తుంది. అందుకే వెలుపలి ఒడ్డు ఎత్తుగా, పొడిగా ఉన్నా అంచు కింద డొల్లగా ఉండవచ్చు. లోపలి ఒడ్డు భద్రంగా కనిపించినా కాలు దిగబడవచ్చు. గట్టు అంచున మట్టి నెర్రెలు నదికి సమాంతరంగా విచ్చి ఉంటే ఆ ముక్క జారడానికి సిద్ధంగా ఉందని అర్థం. రెండు మూడడుగులు లోపలికి జరిగి నడవండి.

ఒకసారి నేను ఈ మొదటి విషయాన్నే పట్టించుకోలేదు. దారి బాగుందని ఒక ఒడ్డు పట్టుకొని నాలుగు గంటలు నడిచాను. సాయంత్రానికి ఎదురుగా పట్టణం కనిపించింది: నీళ్ళలో దీపాల నీడలు, రేవు మెట్ల మీద కూర్చున్న మనుషులు, వారి మాటలు కూడా వినిపించేంత దగ్గర. మధ్యలో నది. కాలినడకన దాటగలిగే వంతెన మరో మూడు కిలోమీటర్లు దిగువన ఉంది, పట్టణంలోకి మళ్ళీ అంత దూరమూ వెనక్కి రావాలి. అప్పటి నుంచి మ్యాప్ తెరవగానే మొదట వంతెనలను లెక్కపెట్టడం అలవాటయింది.

వంతెనలు, బయటికి పోయే దారులు ముందే చూసుకోవడం అంత అవసరమా?

అవసరం. ఈ పేజీలో ఒక్క జవాబు మాత్రమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

ఆక్స్‌ఫర్డ్–అబింగ్డన్ దారినే చూడండి. మొదటి భాగంలో ఫాలీ వంతెన తరువాత డానింగ్టన్ వంతెన, ఆపైన ఇఫ్లీ లాకు, తరువాత శాండ్‌ఫర్డ్ లాకు వస్తాయి. ఎక్కడ అలసిపోయినా పక్కకు తిరిగి నివాసాల్లోకి చేరుకోవచ్చు. శాండ్‌ఫర్డ్ దాటిన తరువాత అబింగ్డన్ లాకు వరకు సుమారు 7 కిలోమీటర్ల మేర నడిచేవారు నదిని దాటే చోటు లేదు. మధ్యలో ఒక వంతెన ఉంది గాని అది రైలుది. ఆ భాగంలో నది విడిచి బయటపడాలంటే ఉన్న ముఖ్యమైన మార్గం రాడ్లీ గ్రామం వైపు పోవడమే; అక్కడ రైల్వే స్టేషన్ ఉంది. అంటే "ముందుకు పోవాలా, మానాలా" అన్న నిర్ణయం శాండ్‌ఫర్డ్ దగ్గరే జరిగిపోవాలి. మడమ పుండు పడటం మొదలైందని, మబ్బు పట్టిందని, నీళ్ళ సీసా ఖాళీ అయిందని గమనించవలసింది అక్కడే గాని, రెండు గంటల తరువాత పొలాల మధ్య కాదు.

ఏ నదికైనా ఇదే పని చేయండి. మ్యాప్ ముందు పెట్టుకొని, కాలినడకకు వీలున్న ప్రతి వంతెనను, బస్సు లేదా రైలు అందే ప్రతి పక్కదారిని గుర్తుపెట్టండి. వాటిలో ఏ రెండింటి మధ్య దూరం అన్నిటికంటే ఎక్కువ ఉందో అదే మీ నడకలో అసలైన భాగం. వాహనాల వంతెనలన్నిటిపైనా నడవడానికి చోటు ఉండదని గుర్తుంచుకోండి. జాతీయ రహదారి వంతెనల్లో కొన్నింటికి గట్టు నుంచి పైకి ఎక్కే మెట్లే ఉండవు. రైలు వంతెన మీద కాలినడక దారి విడిగా కట్టి ఉంటే తప్ప దాన్ని లెక్కలోకే తీసుకోవద్దు.

1862 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్ గణిత అధ్యాపకుడొకరు పిల్లలను వెంటబెట్టుకొని ఇదే నది మీద పడవలో విహారానికి పోయి, తిరిగి వస్తూ పెద్ద వానలో చిక్కుకున్నాడు. కాసేపు ఓర్చుకొని, ఇక లాభం లేదని పడవ వదిలి, మూడు మైళ్ళు తడుస్తూ నడిచి, తనకు తెలిసిన ఒక్క ఇల్లున్న శాండ్‌ఫర్డ్‌కు చేరి పిల్లల బట్టలు ఆరబెట్టించాడు. తల దాచుకునే చోటు ఎక్కడుందో ముందే తెలిసి ఉండటం వల్ల కలిగే మేలుకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఎగువ నుంచి దిగువకు నడిస్తే తేలికా?

కాళ్ళకు తెలిసేంత తేడా ఉండదు. థేమ్స్ మీద చెప్పుకోదగ్గ దిగుడున్న శాండ్‌ఫర్డ్ లాకులోనే ఎగువ దిగువ నీటిమట్టాల తేడా సుమారు 2.7 మీటర్లు, అంటే ఒక అంతస్తు మెట్లకంటే తక్కువ. వాలు కంటే గాలి, ఎండ ఎక్కువ లెక్కలోకి వస్తాయి. విశాలమైన నదిమీద ఎదురుగాలికి అడ్డేమీ ఉండదు. మధ్యాహ్నం తరువాత పడమటికి నడిస్తే ఆకాశంలో ఒక సూర్యుడు, నీళ్ళలో మరొకడు కళ్ళలో పొడుస్తారు.

నగరం నుంచి పట్టణానికా, పట్టణం నుంచి నగరానికా?

జాగ్రత్త కోరుకునేవారు పొద్దున్నే బస్సులో పట్టణానికి పోయి నగరం వైపు నడుస్తారు. ఆలస్యమైనా నగరంలో రాత్రి వరకు వాహనాలు దొరుకుతాయి, చివరికి వచ్చేకొద్దీ వంతెనలు, పక్కదారులు పెరుగుతాయి. మొదటిసారి పోయేవారికి నేనూ ఇదే చెబుతాను.

నాకు ఇష్టమైంది మాత్రం నగరం నుంచి బయటికి నడవడమే. మొదటి అరగంట పరుగు తీసేవారు, పడవ పోటీలకు సాధన చేసేవారు, వంతెన కింద ప్రతిధ్వనించే వాహనాల రొద. తరువాత ఒక్కొక్కటిగా వెనకబడి, ఎక్కడో ఒక వంపు దగ్గర రొద ఆగిపోయిందని ఆలస్యంగా గమనిస్తాము. ఎదురు దిశలో నడిస్తే అలసిన కాళ్ళతో ఆ రొదలోకే తిరిగి రావాలి. ఈ దిశను ఎంచుకున్నవారు చివరి బస్సు వేళను కాగితం మీద రాసుకొని జేబులో పెట్టుకోవాలి.

దారి నదిని విడిచి ఇళ్ళ వెనక నుంచి ఎందుకు పోతుంది? ఒడ్డున నడవడానికి అందరికీ హక్కు లేదా?

అది దేశాన్ని బట్టి ఉంటుంది. నార్వేలో 1957 నాటి చట్టం, స్కాట్లండ్‌లో 2003 నాటి భూసంస్కరణల చట్టం ఇతరుల భూముల్లోనూ బాధ్యతగా నడిచే హక్కును చాలా విశాలంగా ఇస్తాయి. ఇంగ్లండ్‌లో అలా కాదు. ప్రజలకు హక్కున్న కాలిబాటలు మ్యాపుల్లో గుర్తించి ఉంటాయి, నది ఒడ్డయినా బాట లేని చోట అది ఒకరి సొంత నేలే. మీరు నడవబోయే చోట నియమం ఏదో ముందే తెలుసుకోండి. కంచె, మూసిన గేటు ఉంటే దాటవద్దు.

పాత నదీమార్గాలకు మరో కారణం కూడా ఉంది. యంత్రాలు రాకముందు సరుకు పడవలను గుర్రాలు, మనుషులు ఒడ్డు నుంచి మోకులతో లాగేవారు. ఇవాళ మనం నడిచే గట్టుబాటల్లో చాలా భాగం వారి కాళ్ళ కింద ఏర్పడినవే. భూస్వామి ఒప్పుకోని చోట, నేల అనువుగా లేని చోట ఆ బాట అవతలి ఒడ్డుకు మారేది, గుర్రాన్ని బల్లకట్టు మీద దాటించేవారు. పడవలు లాగడం ఆగిపోయాక బల్లకట్లు పోయాయి, బాట మాత్రం ఇటు సగం అటు సగంగా మిగిలింది. నది వెంట 1996లో ప్రారంభించిన థేమ్స్ దారి అనే నడక మార్గంలో కొన్ని చోట్ల నది విడిచి చుట్టు తిరగవలసి రావడానికి ఇదే మూలం. అదే నది ఒడ్డున ఉన్న షెపర్టన్ దగ్గర మాత్రం ఇప్పటికీ చిన్న పడవ మనుషులను దాటిస్తుంది, గంట కొట్టి పిలవాలి.

బయల్దేరే ముందు నీటిమట్టం ఎందుకు చూడాలి? మా ఊళ్ళో వాన లేదు కదా?

నదికి మీ ఊరి వానతో పని లేదు. ఎగువన వంద కిలోమీటర్ల అవతల నిన్నో మొన్నో కురిసిన వాన ఇవాళ మీ కాళ్ళ దగ్గరికి వస్తుంది. చిన్న వాగులు వాన పడిన గంటల్లోనే పొంగి తగ్గిపోతాయి. పెద్ద నదిలో వరద మెల్లగా వచ్చి, రోజుల తరబడి నిలిచి, మెల్లగా తీస్తుంది. అందుచేత నిర్మలమైన ఆకాశం కింద, ఎండలో మెరుస్తూ గట్టుబాట మునిగి ఉండటం ఆశ్చర్యపడవలసిన విషయం కాదు. పైన జలాశయం ఉన్న నదుల్లో వరదతో నిమిత్తం లేకుండానే, విద్యుత్ ఉత్పత్తి కోసమో సాగు కోసమో గేట్లు ఎత్తినప్పుడు మట్టం పెరుగుతుంది. అటువంటి చోట హెచ్చరిక సైరన్ వినబడగానే ఇసుక మేటల మీద నుంచి, మధ్య లంకల నుంచి ఒడ్డుకు రావాలి. నీరు కనబడే దాకా ఆగకూడదు.

మీ ప్రాంతపు జలవనరుల శాఖ లేదా వరద హెచ్చరికల విభాగం ప్రకటించే మట్టాన్ని చూసేటప్పుడు అంకె ఒక్కటే చూడకండి, అది పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చూడండి. థేమ్స్ లాకుల దగ్గర పడవలవారి కోసం ప్రవాహం పెరుగుతున్నప్పుడు, తగ్గుతున్నప్పుడు పసుపు బోర్డులు, ఉద్ధృతంగా ఉన్నప్పుడు ఎర్ర బోర్డులు పెడతారు. అవి నడిచేవారి కోసం కాకపోయినా, ఎర్ర బోర్డు కనిపించిన రోజు పల్లపు గట్టుబాటల మీద నీరుంటుందని ఊహించడం తెలివైన పని.

దారిలో మీ కళ్ళే కొలబద్దలు. నీరు రంగు మారి మట్టిరంగుకు తిరగడం, కొమ్మలు, చెత్త కొట్టుకు రావడం మొదలైతే మట్టం పెరుగుతోందని అనుకోవాలి. సందేహం ఉంటే విశ్రాంతికి కూర్చున్నప్పుడు నీటి అంచున ఒక పుల్ల గుచ్చి చూడండి. పావుగంటలో పుల్ల చుట్టూ నీరు చేరితే లేచి పల్లపు భాగం నుంచి బయటపడండి.

బాట మీద కాస్త నీరే ఉంది. దాటి పోవచ్చా?

నిలిచిన నీరు, అడుగు కనబడుతోంది, లోతు పాదం మించదు అంటే పోవచ్చు. పారుతున్న నీరైతే వద్దు. వడిగా పారే 15 సెంటీమీటర్ల నీరు పెద్ద మనిషినైనా పడదోయగలదు. బురదనీటి కింద బాట అంచు ఎక్కడుందో, కాలువ ఎక్కడ మొదలవుతుందో కనబడదు.

నడిచి అలసిపోయాక నదిలో దిగి ఈదవచ్చా?

స్థానికులు ఈదే చోటు అని స్పష్టంగా తెలిసి ఉంటే తప్ప దిగవద్దు. ఈత రావడం ఇక్కడ పూర్తి రక్షణ కాదు. నీటి ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువగా ఉన్నప్పుడు ఒక్కసారిగా దిగితే ఊపిరి మన ప్రమేయం లేకుండానే ఎగబీలుస్తుంది. ఆ క్షణాన ముఖం నీళ్ళలో ఉంటే అంతే సంగతులు. ఎప్పుడైనా జారిపడితే వెంటనే ఈదబోకుండా, వెల్లకిలా తేలుతూ ఊపిరి దారికి వచ్చేదాకా ఒకటి రెండు నిమిషాలు ఓపిక పట్టాలి.

అన్నిటికంటే మోసకరమైనవి అడ్డుకట్టలు. పైనుంచి చూస్తే నీరు నున్నగా, పలచని గాజు పలకలా జారుతుంది. కట్ట దిగువన మాత్రం ఆ నీరు కిందికి దూకి, తిరిగి కట్ట వైపే సుడి తిరుగుతుంది. అందులో పడినదాన్ని దేన్నైనా బయటికి పోనివ్వదు. శాండ్‌ఫర్డ్ అడ్డుకట్ట దగ్గర, అక్కడ చనిపోయినవారి పేర్లు చెక్కిన ఒక రాతి స్తంభం ఉంది. 1843లో ఇద్దరు, 1872లో ఒకరు, 1921లో ఇద్దరు, మొత్తం అయిదుగురు విద్యార్థులు ఆ నీళ్ళలో మునిగి చనిపోయారు. అందరూ ఒకే కళాశాలవారు, నది పక్కన చదువుకున్నవారు. అక్కడ నడిచేటప్పుడు కాసేపు ఆగి ఆ పేర్లు చదవండి.

నది నీరు తాగవచ్చా?

వద్దు. నగరం దిగువన ఉన్న నీళ్ళలో ఆ నగరపు మురుగు ఎంతో కొంత ఉంటుంది, పెద్ద వాన తరువాత మరింత ఉంటుంది. ఒక నిమిషం బాగా మరగబెడితే క్రిములు చస్తాయి గాని పురుగుమందులు, కర్మాగారాల రసాయనాలు పోవు. నడిచే ప్రతి గంటకు అర లీటరు చొప్పున ఇంటి నుంచే తీసుకువెళ్ళండి, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. కాలికి చేతికి గాయాలుంటే నదినీటితో కడగకండి. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు గాయాల గుండా కూడా ఒంట్లోకి వస్తుంది. ఇటువంటి నడక తరువాత కొన్ని రోజులకు జ్వరం, తీవ్రమైన కండరాల నొప్పులు వస్తే నది ఒడ్డున నడిచిన సంగతి వైద్యుడికి తప్పక చెప్పండి.

ఎటువంటి చెప్పులు, బూట్లు వేసుకోవాలి?

ఇంతకుముందు కనీసం అయిదారు సార్లు వేసుకొని నడిచినవి. కొత్త బూట్లతో పదిహేను కిలోమీటర్లు పోవడం కంటే పాత క్రీడాబూట్లతో పోవడం మేలు. అడుగున గాడులు అరిగిపోకుండా ఉన్నాయో లేదో చూడండి, తడి బంకమట్టి మీద నున్నని అడుగు నిలవదు.

నది ఒడ్డున వాన లేకపోయినా కాళ్ళు తడుస్తాయి. పొద్దున గడ్డి మీద మంచు ఎంత ఉంటుందో బూటు చూస్తే తెలుస్తుంది: మొదట ముందుభాగం మీద రంగు ముదురుతుంది, తరువాత లేసుల సందుల్లో నుంచి చల్లదనం తగులుతుంది, అరగంటలో మేజోడు తడిసి వేళ్ళ మధ్య ముడతలు పడుతుంది. తడిసిన చర్మం త్వరగా ఒరుసుకుపోతుంది. మరో జత మేజోళ్ళు సంచిలో ఉంటే, ఎండ వచ్చాక మార్చుకుంటే, సగం బాధ తప్పుతుంది. మడమ దగ్గర వెచ్చగా, గీరుకుంటున్నట్టు అనిపించగానే ఆగి పట్టీ వేయండి. "తరువాతి వంతెన దగ్గర చూద్దాం" అన్నవారి మడమే బొబ్బ ఎక్కుతుంది.

ఉరుములు మొదలైతే?

మెరుపు కనిపించాక 30 లెక్కపెట్టేలోపు ఉరుము వినబడితే పిడుగు మీకు ప్రమాదకరమైన దూరంలో ఉందని అర్థం. చదునైన గట్టు మీద మీరే ఎత్తయిన వస్తువు కాబట్టి వెంటనే దిగి పక్కా కట్టడంలోకి గాని, మూసి ఉన్న వాహనంలోకి గాని చేరాలి. ఒంటరి చెట్టు కిందికి పోకూడదు. చివరి ఉరుము తరువాత అరగంట ఆగి గాని తిరిగి గట్టు ఎక్కవద్దు.

ఫోన్‌లో మ్యాప్ ఉంటే సరిపోతుందా?

సిగ్నల్ లేనప్పుడు కూడా తెరుచుకునేలా ముందే దింపుకుంటే చాలావరకు సరిపోతుంది. వాహనాల కోసం చేసిన మ్యాపుల్లో గట్టుబాటలు తరచూ ఉండవు. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో స్వచ్ఛందంగా పనిచేసేవారు కాలిబాటలు, లాకులు, చిన్న వంతెనలు చేర్చుతూ ఉంటారు కాబట్టి నడకకు అది బాగా పనికివస్తుంది. ఎవరో రెండేళ్ళ కిందట చేర్చిన వంతెన ఇప్పుడు మరమ్మతుల్లో ఉండవచ్చన్న అనుమానం మాత్రం పెట్టుకోండి. ఛార్జింగ్ అయిపోయే సంగతి వేరే చెప్పనక్కరలేదు. వంతెనల పేర్లు వరుసగా ఒక చీటీ మీద రాసుకోవడం నా అలవాటు, ఇంతవరకు ఆ చీటీకి ఛార్జింగ్ అవసరం రాలేదు.

పిల్లలతో పోవచ్చా?

పోవచ్చు, దూరం సగం చేసుకొని. ఎక్కడ మానుకున్నా అరగంటలో రోడ్డు చేరగలిగే భాగాన్ని మాత్రమే ఎంచుకోండి. ఇరుకైన బాట మీద పెద్దవారు నీటి వైపు, పిల్లలు నేల వైపు నడవాలి. లాకుల గోడల దగ్గర, పడవలు కట్టే కొయ్యవంతెనల మీద చేయి వదలకూడదు; లాకు గోడలు నిట్టనిలువుగా, పాచిపట్టి ఉంటాయి, పడినవారికి పట్టు దొరకదు.

చీకటి పడేలోపు చేరతామో లేదో దారిలో ఎలా తెలుసుకోవాలి?

సూర్యాస్తమయానికి గంట ముందు చేరాలన్న లెక్కతో వెనక్కి గుణించి, మధ్యలో ఉన్న ఒక వంతెనకు గడువు పెట్టుకోండి. ఉదాహరణకు ఆరింటికి పొద్దు గుంకుతుంది, ఆ వంతెన నుంచి ఇంకా 8 కిలోమీటర్లుంది అనుకుంటే, మూడింటికల్లా అక్కడ ఉండాలి. మూడుంపావు అయితే అక్కడే దారి విడిచి బస్సెక్కండి. "కాస్త వేగం పెంచితే సరి" అనే మాటను నమ్మకండి, మధ్యాహ్నం తరువాత ఎవరి వేగమూ పెరగదు.

ప్రమాదం జరిగితే ఎక్కడున్నామని చెప్పాలి?

చాలా దేశాల్లో 112కు ఫోన్ చేస్తే అత్యవసర సేవలు అందుతాయి. మీరున్న చోట ఏ అంకె పనిచేస్తుందో ముందే చూసుకోండి. "నది పక్కన ఉన్నాము" అంటే ఏమీ చెప్పనట్టే. కుడి గట్టా ఎడమ గట్టా, వెనక దాటిన వంతెన లేదా లాకు పేరు, అక్కడి నుంచి ఎంతసేపు నడిచారు అన్న మూడు విషయాలు చెప్పాలి. ఒడ్డు తప్పుగా చెబితే అంబులెన్సు ఎదురుగా, నదికి అవతల వచ్చి నిలబడుతుంది. నీళ్ళలో పడినవారి కోసం మీరూ దూకకండి. కొమ్మ గాని, తాడు గాని, తేలే వస్తువు గాని అందించండి.

సముద్రానికి దగ్గరి నది అయితే వేరే జాగ్రత్తలున్నాయా?

పోటు వేళలు, అంటే సముద్రపు నీరు నదిలోకి ఎగదన్నే వేళలు, చూసుకోవాలి. ఒక పోటుకు మరో పోటుకు మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలుంటుంది కాబట్టి నిన్న పొద్దున పొడిగా ఉన్న బాట ఇవాళ అదే వేళకు తడిసి ఉండవచ్చు. థేమ్స్ లండన్ పడమటి భాగంలోని టెడింగ్టన్ దిగువన పోటుపాట్లకు లోనవుతుంది. అమావాస్య, పౌర్ణమి పోట్లలో లండన్ పడమటి భాగంలో కొన్ని చోట్ల ఒడ్డుబాట కాసేపు మునుగుతుంది. పాటు సమయంలో, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, బయటపడే బురద నేల మీదికి దగ్గరి దారని దిగకండి, నడుము దాకా దిగబడినవారిని తీయడం ఇద్దరు ముగ్గురి వల్ల అయ్యే పని కాదు.

సైకిళ్ళు, పశువులు ఎదురైతే?

సైకిల్ గంట వినబడితే నేల వైపుకు తప్పుకోండి, నీటి వైపుకు కాదు. దూడలున్న ఆవుల మధ్య నుంచి పోకుండా చుట్టి వెళ్ళండి, మీరు తెరిచిన గేటును మూసి పోండి.

తిరుగు ప్రయాణం ఎలా?

పట్టణం పేరుతో రైల్వే స్టేషన్ ఉంటుందని ఊహించుకోకండి. అబింగ్డన్‌కు ప్రయాణికుల రైళ్ళు 1963లోనే ఆగిపోయాయి. నడిచి అక్కడికి చేరినవారు బస్సులోనే ఆక్స్‌ఫర్డ్‌కు తిరిగి రావాలి. అక్కడ మరో విషయం గమనించండి: అబింగ్డన్ లాకు దగ్గర దారి అడ్డుకట్ట మీదుగా పట్టణానికి అవతలి ఒడ్డుకు మారుతుంది, ఆపైన 1416లో మొదలుపెట్టి కట్టిన పాత వంతెన మీదుగా నది దాటి ఊళ్ళోకి ప్రవేశించాలి. బస్సు వేళకు తొందరపడేవారు ఈ చివరి దాటుడును లెక్కలో మరచిపోతారు. చివరి బస్సుకు ముందు బస్సును మీ బస్సుగా పెట్టుకుంటే, వంతెన మీద రెండు నిమిషాలు నిలబడి వచ్చిన దారిని వెనక్కి చూసే వ్యవధి మిగులుతుంది.